ఫిర్యాదు చేసినవారికి అండ ఎవరు?

(కోయంబత్తూరులో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం. డ్యూటీలో ఉండి రాలేకపోయిన సభ్యుల కోసం పూర్తిగా ఇస్తున్నాం.)



బోనస్ గురించీ, డి.ఎ. గురించీ అధ్యక్షులవారు వివరంగా మాట్లాడారు. మేము వేరొక విషయం మీ ముందు పెట్టదలచుకున్నాం. సంఘం ఆఫీసు గడప తొక్కిన ప్రతి పదిమందిలో కొందరైనా అడిగే ప్రశ్న ఇది. "నాకు అన్యాయం జరుగుతోంది, నాకు తెలుసు. కాని కాగితం పెడితే ఉద్యోగం ఉంటుందా?" అని. ఆడవాళ్ళు ఇంకొంచెం గొంతు తగ్గించి అడుగుతారు. బదిలీ కార్మికులు అడగను కూడా అడగరు, వచ్చి కూర్చుని లేచిపోతారు.

ఈ ప్రశ్నకు ఇవాళ సూటిగా జవాబు చెప్పాలి. ఎందుకంటే వచ్చే నెలలో మన పరిధిలోని ఒక మిల్లులో ఒక ఎంక్వయిరీ ఉంది. ఆ ఎంక్వయిరీలో సాక్ష్యం చెప్పవలసినవాళ్ళు ఈ హాలులోనే కూర్చున్నారు. వాళ్ళ పేర్లు మేము చెప్పం. వాళ్ళు మాత్రం మేము చెప్పేది శ్రద్ధగా వినాలని కోరుతున్నాం.

వివక్ష ఎలా ఉంటుంది, కక్ష ఎలా ఉంటుంది

వివక్ష అంటే ఏమిటో మిల్లు కార్మికునికి పుస్తకం చూసి చెప్పనక్కరలేదు. ఒకే కోన్ వైండింగ్ మిషను మీద మగవాడికి ఒక కూలీ, ఆడమనిషికి ఒక కూలీ. మగవాడికి ఆపరేటర్ అని పేరు, అదే పని చేసే అక్కకు హెల్పర్ అని పేరు. ఒక కులంవాళ్ళకు ఎప్పుడూ కక్కసుల శుభ్రం, వేస్ట్ గోడౌను పని. మాట తెలియని ఒడిశా పిల్లకు, బీహారు పిల్లవాడికి డబుల్ షిఫ్టు. మేస్త్రీ నవ్వితే నవ్వవలసిన గతి, నవ్వకపోతే మరునాడు చెడ్డ ఫ్రేమ్. ఇవన్నీ మనం చూస్తున్నవే.

కక్ష సాధింపు మాత్రం అంత తేలికగా కంటికి కనిపించదు. "నువ్వు ఫిర్యాదు చేశావు కాబట్టి తీసేస్తున్నాం" అని రాసిచ్చే మేనేజరు ఈ లోకంలో పుట్టలేదు. కక్షకు ఎప్పుడూ మరో పేరు ఉంటుంది. షిఫ్టు మార్పు అంటారు. పరిపాలనా సౌలభ్యం కోసం బదిలీ అంటారు. ప్రొడక్షన్ తక్కువని మెమో ఇస్తారు. నూలు తెగిన లెక్క నిన్నటిదాకా ఎవరూ చూడరు, ఇవాళ ఒక్కరిదే చూస్తారు. బదిలీ కార్మికుడైతే మెమో కూడా అక్కరలేదు, గేటు దగ్గర పేరు పిలవకపోతే చాలు. కాంట్రాక్టు మనిషైతే గేటు పాసు రెన్యువల్ కాదు. హాస్టలులో ఉండే పిల్లయితే వార్డెన్ ఇంటికి ఫోను చేసి, "మీ అమ్మాయి నడత బాగాలేదు" అంటుంది. ఈ చివరిది అన్నిటికంటే క్రూరమైనది. పని పోతే మరో పని దొరుకుతుంది, పిల్ల పేరు పోతే ఆ ఇల్లు తలెత్తుకోలేదు.

కనుక మన ముందున్న ప్రశ్న ఇది. మరో పేరు పెట్టుకుని వచ్చే ఈ కక్షను చట్టం గుర్తుపడుతుందా? గుర్తుపడుతుంది. అయితే దానికి మనం రెండు వస్తువులు అందించాలి. ఒకటి తేదీ వేసిన కాగితం. రెండోది పక్కన నిలబడే మనిషి. ఈ రెండూ లేకపోతే చట్టం పుస్తకంలోనే ఉంటుంది.

చట్టంలో మన కోసం రాసిన మాట

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1982లో ఒక సవరణ చేశారు. అది 1984 ఆగస్టు 21 నుంచి అమలులోకి వచ్చింది. ఆ సవరణతో ఐదో షెడ్యూలు అని ఒకటి చేర్చారు. యాజమాన్యాలు చేయకూడని అక్రమ కార్మిక విధానాల పట్టిక అది. అందులో 11వ అంశం మనందరం కంఠతా పట్టవలసినది. దాని సారం ఇది: పారిశ్రామిక వివాదానికి సంబంధించిన ఏ విచారణలోనైనా యాజమాన్యం మీద ఆరోపణ పెట్టినందుకు గాని, యాజమాన్యానికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినందుకు గాని ఏ కార్మికుణ్ణీ తీసేయకూడదు, అతనిపట్ల వివక్ష చూపకూడదు.

గమనించండి. ఫిర్యాదు చేసినవారితోపాటు సాక్ష్యం చెప్పినవారిని కూడా అదే వాక్యంలో చేర్చారు. ఇద్దరికీ ఒకే రక్షణ.

అదే పట్టికలో మరికొన్ని ఉన్నాయి. కక్షతో తొలగించడం, అబద్ధపు కారణం చూపి తొలగించడం, సెలవు లేకుండా మానేశారని కట్టుకథ అల్లి తొలగించడం, సహజ న్యాయసూత్రాలు పాటించకుండా హడావిడిగా ఎంక్వయిరీ ముగించి తొలగించడం, చిన్న తప్పుకు పెద్ద శిక్ష వేయడం, దురుద్దేశంతో ఒకచోటి నుంచి మరోచోటికి బదిలీ చేయడం, ఏళ్ళ తరబడి బదిలీ కార్మికులుగానే ఉంచడం, ఇవన్నీ అక్రమ విధానాలే.

ఇప్పుడు ఆ 1947 చట్టం లేదు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. వాటిలో 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ పాత చట్టం స్థానంలో వచ్చింది. ఈ కోడ్‌లను దేశంలోని కేంద్ర కార్మిక సంఘాలు ఎక్కువ భాగం వ్యతిరేకించాయి. 2025 జూలై 9న సార్వత్రిక సమ్మె చేశాయి. మన వ్యతిరేకతకు కారణాలు ఉన్నాయి. స్టాండింగ్ ఆర్డర్లు ఇదివరకు 100 మంది పనిచేసే చోట వర్తించేవి, కోడ్‌లో ఆ అంకె 300 అయింది. చిన్న స్పిన్నింగు మిల్లుల్లో పనిచేసేవాళ్ళకు ఇది దెబ్బ. పాత చట్టంలో అక్రమ విధానానికి 6 నెలల దాకా జైలు గాని, 1,000 రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని ఉండేవి. కోడ్‌లో మొదటిసారి చేసిన నేరానికి జైలు మాట తీసేసి 10,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టారు. జరిమానా యజమాని పెట్టెలోంచి పోతుంది, జైలు భయం మనిషికి తగులుతుంది. ఆ తేడా మనకు తెలుసు.

అయినా ఒక సంగతి సభ్యులు తెలుసుకోవాలి. ఆ 11వ అంశం పోలేదు. ఐదో షెడ్యూలు కాస్తా కోడ్‌లో రెండో షెడ్యూలు అయింది, ఆ పట్టికలో మన వాక్యం అలాగే ఉంది. కోడ్‌లో 84వ సెక్షన్ ఆ పనులన్నిటినీ నిషేధించింది. "కొత్త చట్టం వచ్చింది, మీ పాత హక్కులన్నీ పోయాయి" అని మీ టైమాఫీసులో ఎవరైనా చెబితే నమ్మవద్దు. కొన్ని పోయాయి. ఇది పోలేదు.

ఒంటరి ఫిర్యాదు, సంఘం ఫిర్యాదు

ఆ వాక్యంలో ఒక మెలిక ఉంది. "పారిశ్రామిక వివాదానికి సంబంధించిన విచారణ" అన్నారు. ఒక్క మనిషి మేనేజరు గదిలోకి వెళ్ళి నోటితో చెప్పుకున్న బాధ పారిశ్రామిక వివాదం కాదు. ఒక్కరిని ఉద్యోగంలోంచి తొలగిస్తే మాత్రం, 1965లో పాత చట్టానికి చేర్చిన 2-ఎ సెక్షన్ వల్ల, అది వివాదంగా లెక్కకు వస్తుంది. కోడ్‌లోనూ ఆ వీలు ఉంది. కాని కూలీలో తేడా, పని పంపకంలో తేడా, ప్రమోషన్లో తేడా వంటి వాటికి పక్కవాళ్ళు కలవాలి, సంఘం ఆ ఫిర్యాదును తనదిగా తీసుకోవాలి. అప్పుడే అది వివాదమవుతుంది. అప్పుడే ఆ 11వ అంశం గట్టిగా పనిచేస్తుంది.

సంఘం అంటే చందా రసీదు పుస్తకం ఒక్కటే అనుకునేవాళ్ళకు ఇదే మా జవాబు. సంఘం చేయి వేసిన తర్వాత ఒకరి గోడు చట్టం దృష్టిలో వేరే వస్తువు అవుతుంది.

రెండో మెట్టు లేబర్ ఆఫీసు. సంప్రదింపుల అధికారి ముందు తొలి సమావేశం జరిగిన రోజు నుంచి యాజమాన్యం చేతులకు కట్టు పడుతుంది. పాత చట్టంలో ఇది 33వ సెక్షన్, కోడ్‌లో 90వ సెక్షన్. విచారణ నడుస్తున్నంతకాలం, ఆ వివాదంతో సంబంధమున్న కార్మికుల పని షరతులను వాళ్ళకు నష్టం కలిగేలా మార్చకూడదు. ఆ వివాదంతో ముడిపడిన ఆరోపణ మీద అధికారి రాతపూర్వక అనుమతి ముందుగా తీసుకోకుండా ఎవరినీ తొలగించకూడదు, శిక్షించకూడదు. వివాదంతో సంబంధం లేని వేరే తప్పు మీద తొలగించినా ఒక నెల జీతం ఇచ్చి, ఆ చర్యకు ఆమోదం కోరుతూ దరఖాస్తు పెట్టాలి. అలా ఆమోదం తీసుకోకుండా చేసిన డిస్మిస్సల్ చెల్లదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2002లో తేల్చి చెప్పింది. చెల్లదంటే ఆ మనిషి ఉద్యోగంలో ఉన్నట్టే లెక్క.

చూశారా, యజమాని పెట్టెలో వేసిన కాగితానికీ, లేబర్ ఆఫీసులో నంబరు పడిన కాగితానికీ ఎంత తేడా ఉందో! మొదటిది మీరు ఫిర్యాదు చేశారని రుజువు చేస్తుంది. రెండోది యాజమాన్యాన్ని ఆపుతుంది. కనుక మొదటి కాగితం ఇచ్చిన రోజే రెండోదానికి సంఘం ఆఫీసుకు రండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే మంట తగ్గుతుందేమో గాని బొబ్బ పోదు.

ఆ మిల్లులో ఏం జరిగింది

ఇందాక చెప్పిన మిల్లు సంగతికి వస్తాం. విచారణ నడుస్తున్నందున పేరు చెప్పం. కోన్ వైండింగులో తొమ్మిదేళ్ళ సర్వీసు ఉన్న ఒక అక్క, మరో ఆరుగురు ఆడవాళ్ళతో కలిసి, తమతో సమానంగా పనిచేసే మగవాళ్ళకు కూలీ ఎక్కువ ఇస్తున్నారని కాగితం రాసి మేనేజరుకు ఇచ్చింది. కాపీ మీద టైమాఫీసు ముద్ర వేయించుకుంది. ఆ ముద్ర వేయించుకోవడమే ఆమెను ఇవాళ కాపాడుతోంది.

కాగితం ఇచ్చిన పదకొండో రోజున ఆమెను వైండింగు నుంచి వేస్ట్ గోడౌనుకు మార్చారు. తొమ్మిదేళ్ళలో ఆమెకు ఒక్క మెమో లేదు. గోడౌనులో రెండు వారాలు తిరగకుండానే రెండు మెమోలు వచ్చాయి. అప్పుడు ఏడుగురూ కలిసి సంఘానికి వచ్చారు. సంఘం వివాదం లేవనెత్తింది, లేబర్ ఆఫీసులో తొలి సమావేశం జరిగింది. ఆ తర్వాత ఆమెకు చార్జిషీటు ఇచ్చారు. మేస్త్రీని బూతులు తిట్టిందట. ఏ రోజున తిట్టిందన్నారో ఆ రోజున ఆ షెడ్డులో మరో పదిమంది ఉన్నారు.

ఇక్కడ తేదీలను వరుసగా పెట్టి చూడండి. తొమ్మిదేళ్ళు మచ్చ లేదు. ముద్ర వేసిన కాగితం. పదకొండో రోజు మార్పు. రెండు మెమోలు. లేబర్ ఆఫీసు సమావేశం. చార్జిషీటు. ఎవరి మనసులో కక్ష ఉందో మనం తవ్వి చూపలేం. కాని తేదీలు వరుసగా నిలబడితే, "ఫిర్యాదుకు ముందు ఈ తప్పులన్నీ ఎక్కడికి పోయాయి?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసింది యాజమాన్యమే. చార్జిషీటు ఇప్పుడు నడుస్తున్న వివాదంతో ముడిపడినది కనుక, అనుమతి లేకుండా ఆమెను తొలగించే వీలు లేదు. గోడౌను మార్పు తొలి సమావేశానికి ముందే జరిగింది కనుక దానికి 90వ సెక్షన్ కట్టు అందదు. దాన్ని కక్ష సాధింపు కింద, అక్రమ విధానం కింద సవాలు చేశాం. రెండు గాయాలకు రెండు మందులు.

ఇక ఆమె పక్కన పనిచేసే ఇద్దరిని పిలిచి తెల్లకాగితం మీద సంతకం అడిగారు. ఇద్దరూ పెట్టలేదు. ఈ సభ వాళ్ళకు చప్పట్లు కొట్టాలి.

స్త్రీల కోసం ఉన్న చట్టాలు

కూలీలో ఆడ, మగ తేడా చూపకూడదని 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. ఇప్పుడు ఆ నిషేధం 2019 నాటి వేతనాల కోడ్ 3వ సెక్షన్లో ఉంది. తక్కువ ఇచ్చిన కూలీ కోసం క్లెయిము పెట్టుకోవడానికి మూడేళ్ళ గడువు ఉంది. కూలీ పూర్తిగా ఇచ్చామని రుజువు చేయవలసిన బరువు యజమాని మీదే ఉంటుంది.

లైంగిక వేధింపుల విషయంలో సుప్రీంకోర్టు 1997లో విశాఖ కేసు తీర్పు ఇచ్చింది. రాజస్థాన్‌లో బాల్యవివాహం ఆపబోయినందుకు భన్వారీ దేవి అనే గ్రామ కార్యకర్త మీద జరిగిన ఘోరం ఆ కేసుకు మూలం. తన పని తాను చేసినందుకు ఆమె మీద పగ తీర్చుకున్నారు. ఫిర్యాదు చేసిన స్త్రీ మీద, సాక్షుల మీద కక్ష సాధించకుండా చూడాలని ఆ తీర్పులోనే చెప్పారు. దాని మీద 2013లో చట్టం వచ్చింది.

ఆ చట్టంలో మనవాళ్ళు తెలుసుకోవలసినవి ఇవి. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్నచోటైతే జిల్లాలో ఉన్న స్థానిక కమిటీకి వెళ్ళాలి. సంఘటన జరిగిన మూడు నెలల్లో రాసివ్వాలి, సరైన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. పర్మనెంటు, బదిలీ, కాంట్రాక్టు, ట్రైనీ, అప్రెంటిసు, అందరికీ ఈ చట్టం వర్తిస్తుంది. హాస్టలు పిల్లలను అప్రెంటిసులని పిలిచి కొన్ని చట్టాల బయట పెట్టవచ్చు గాని, ఈ చట్టం బయట పెట్టలేరు. మిల్లు బస్సులో జరిగినా అది పనిచోట జరిగినట్టే.

విచారణ కాలంలో ఆమె రాతపూర్వకంగా కోరితే అవతలివాణ్ణి గాని, ఆమెను గాని వేరేచోటికి మార్చాలని, ఆమెకు మూడు నెలల దాకా సెలవు ఇవ్వాలని కమిటీ సిఫారసు చేయవచ్చు. ఇక్కడ "ఆమె కోరితే" అన్నది ముఖ్యం. కోరకుండానే మార్చి, "నీ రక్షణ కోసమే" అంటే అది శిక్షే.

"రుజువు చేయలేకపోతే నిన్నే శిక్షిస్తారు" అని పిల్లలను భయపెడుతున్నారు. ఇది తప్పు. కావాలని అబద్ధం చెప్పారని విచారణలో తేలితేనే చర్య. ఫిర్యాదును రుజువు చేయలేకపోయినంత మాత్రాన చర్య తీసుకోకూడదని చట్టంలో స్పష్టంగా రాసి ఉంది.

కులం పేరుతో అవమానం జరిగితే 1989 నాటి షెడ్యూల్డు కులాల, తెగల అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. దానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చింది. అందులోని 15-ఎ సెక్షన్ బాధితులనూ, వాళ్ళ మీద ఆధారపడినవాళ్ళనూ, సాక్షులనూ బెదిరింపుల నుంచి కాపాడే బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. ఇళ్ళలో తెలుగు మాట్లాడుకునే అరుంధతీయ కుటుంబాలు ఈ ప్రాంతపు మిల్లుల్లో ఎన్నో ఉన్నాయి. వాళ్ళకు ఈ సెక్షన్ తెలియాలి.

దిండిగల్ చెప్పిన పాఠం

చట్టం ఇంత ఉన్నా సరిపోవడం లేదనడానికి మన దగ్గరి జిల్లాలోనే రుజువు ఉంది. 2021 జనవరిలో దిండిగల్ ప్రాంతంలో ఒక దుస్తుల ఫ్యాక్టరీలో పనిచేసే దళిత యువతి హత్యకు గురైంది. ఆ కేసులో ఆమె సూపర్‌వైజరు అరెస్టయ్యాడు. ఆ పిల్ల సభ్యురాలుగా ఉన్న సంఘం దళిత మహిళలు ముందుండి నడిపే సంఘం, తమిళనాడు టెక్స్‌టైల్ అండ్ కామన్ లేబర్ యూనియన్. ఆ సంఘం ఊరుకోలేదు. దేశవిదేశాల కార్మిక సంస్థలను కలుపుకుని, ఆ కంపెనీతోనూ, అక్కడి సరుకు కొనే హెచ్ అండ్ ఎం, గ్యాప్, పీవీహెచ్ కంపెనీలతోనూ ఒప్పందాలు చేయించింది. 2022లో వెలుగులోకి వచ్చిన ఆ ఏర్పాటునే దిండిగల్ ఒప్పందం అన్నారు.

ఆ ఒప్పందంలో మనం నేర్చుకోవలసినది ఒకటి ఉంది. ఫిర్యాదు చేసినవాళ్ళ మీద కక్ష సాధించకూడదని రాసుకుని ఊరుకోలేదు. షెడ్డులోనే పనిచేసే కార్మికులకు తర్ఫీదు ఇచ్చి, తప్పు కనిపిస్తే అక్కడికక్కడే చెప్పే బాధ్యత అప్పగించారు. యాజమాన్యం చేతిలో లేని స్వతంత్ర విచారణ పెట్టారు. కంపెనీ మాట తప్పితే కొనుగోలుదారులు వ్యాపారం తగ్గించుకునే షరతు పెట్టారు. లింగ వివక్షతోపాటు కుల వివక్షను కూడా చేర్చారు. అంటే రక్షణ అనేది ప్రమాదం జరిగాక కోర్టులో వెతుక్కునేది కాకుండా, షెడ్డులో పక్క ఫ్రేమ్ దగ్గర నిలబడి ఉండేదిగా చేశారు.

2019లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 190వ ఒప్పందం కూడా ఇదే చెప్పింది. ఫిర్యాదుదారులతోపాటు సాక్షులకూ, తప్పు బయటపెట్టినవారికీ ప్రతీకారం నుంచి రక్షణ ఉండాలని అంది.

మీరు చేయవలసిన పనులు

ఇక చేయవలసినవి చెబుతాం. ఇంట్లో గోడకు అంటించుకోండి.

ఒకటి. నోటిమాట ఫిర్యాదు వద్దు. రాసివ్వండి. తెలుగులో రాసినా సరే, తమిళంలోకి సంఘం ఆఫీసులో మార్చి ఇస్తాం. తేదీ వేయండి. కాపీ మీద ముద్ర, సంతకం తీసుకోండి. తీసుకోమంటే స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచండి.

రెండు. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఏ రోజు, ఏ షిఫ్టు, ఏ మిషను, ఎవరు ఏమన్నారు, పక్కన ఎవరున్నారు. ఆ రోజే రాయండి. నెల తర్వాత గుర్తుచేసుకుని రాసినదానికి బలం తక్కువ.

మూడు. ఫిర్యాదుకు ముందటి కాగితాలు కూడా దాచండి. జీతం చీటీలు, హాజరు, ప్రొడక్షన్ ఇన్సెంటివ్ చీటీ, మెచ్చుకున్న కాగితం ఏదైనా ఉంటే అది. ముందు మీ పని బాగుందని చూపించేవి అవే.

నాలుగు. తెల్లకాగితం మీద సంతకం పెట్టవద్దు. రాజీనామా రాయమంటే రాయవద్దు. "లెక్క సెటిల్ చేస్తాం, తీసుకుని వెళ్ళు" అంటే ఒకరోజు గడువు అడిగి సంఘానికి రండి. మార్పు ఆర్డరు ఇస్తే, నిరసనతో చేరుతున్నానని రాసి చేరండి. చేరకుండా ఇంట్లో కూర్చుంటే, సెలవు లేకుండా మానేశారన్న ఆరోపణను మనమే వాళ్ళ చేతికిచ్చినట్టు.

ఐదు. చార్జిషీటుకు గడువులోగా జవాబివ్వండి. ఎంక్వయిరీలో తోటి కార్మికుని సాయం అడగండి. వాళ్ళ సాక్షులను ప్రశ్నించండి. మీకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించమనండి. అర్థం కానిదాని మీద సంతకం వద్దు.

ఆరు. 20 మంది, ఆపైన పనిచేసే చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని కోడ్ చెబుతోంది. సమస్య పుట్టిన ఏడాదిలోగా దరఖాస్తు ఇవ్వవచ్చు, కమిటీ 30 రోజుల్లో ముగించాలి. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో సంఘం ద్వారా సంప్రదింపుల అధికారికి వెళ్ళవచ్చు. మీ మిల్లులో ఆ కమిటీ ఉందా, అందులో ఆడవాళ్ళు ఎంతమంది, తెలుసుకుని మాకు చెప్పండి.

ఏడు. ఉద్యోగం తీసేస్తే కూర్చుని ఏడవవద్దు, కూర్చుని కాలం గడపవద్దు. సంప్రదింపుల అధికారికి దరఖాస్తు పెట్టి 45 రోజులు దాటితే నేరుగా ట్రిబ్యునలుకు వెళ్ళే హక్కు ఉంది. పాత చట్టంలో దానికి మూడేళ్ళ గడువు ఉండేది, కోడ్‌లో రెండేళ్ళు చేశారు. అన్యాయంగా తొలగించినవారిని తిరిగి తీసుకుని, పాత జీతం ఇవ్వడం మామూలు నియమంగా ఉండాలని 2013లో ఒక ఉపాధ్యాయురాలి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గెలిచే దారి ఉంది. ఆలస్యమైన దారి అన్నది నిజమే.

సాక్షి మాట

ఇప్పుడు అసలు మాట. "నీళ్ళలో ఉండి మొసలితో వైరమా?" అని పెద్దలు అంటారు. నిజమే, ఒక్కడు ఈదుతుంటే మొసలిదే రాజ్యం. ఊరంతా చెరువులో దిగి చప్పుడు చేస్తే మొసలి ఒడ్డెక్కి పోతుంది.

చట్టం నెమ్మదైనది. కేసు ఏళ్ళు పట్టవచ్చు. ఆ కాలమంతా ఆ ఇంట్లో పొయ్యి వెలగాలి, పిల్లల ఫీజు కట్టాలి. అందుకే కార్యవర్గం ఒక ప్రతిపాదన పెడుతోంది. ఫిర్యాదు చేసినందుకు జీతం ఆగిన సభ్యులకు కేసు నడిచినంతకాలం సాయం చేయడానికి సంఘంలో వేరే నిధి పెట్టాలి. ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు ఇవ్వాలి. ఈ సభలోనే తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాం.

ఆ షెడ్డులో ఆ రోజున ఉన్న సోదర సోదరీమణులకు మా మనవి. మిమ్మల్ని అబద్ధం చెప్పమని సంఘం అడగదు. ఆమె తిట్టిందని మీరు విన్నారంటే విన్నామనే చెప్పండి. విననట్టయితే, విన్నామని మాత్రం సంతకం పెట్టకండి. వచ్చి, "మేము అక్కడే ఉన్నాం, అలాంటిదేమీ జరగలేదు" అని చెప్పండి. అంతే. ఆ మాట చెప్పినందుకు మీ జోలికి వస్తే అది 11వ అంశం కింద నేరం. ఆ రోజున మీ పక్కన సంఘం ఉంటుంది. సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందురోజే పేరు ఇచ్చి వెళ్ళండి, మీ పేరున కూడా ఒక కాగితం తేదీతో తయారుగా ఉంటుంది.

మరొక్క మాట. 1888లో ఈ ఊళ్ళో మొదటి మిల్లు లేచింది. 1930లలో పైకారా కరెంటు వచ్చాక మిల్లులు పెరిగాయి. ఆ మిల్లులను నమ్ముకుని మన పెద్దలెందరో ఈ పని పట్టారు. ఇవాళ ఒడిశా నుంచీ, బీహారు నుంచీ, జార్ఖండు నుంచీ వచ్చిన పిల్లలు అదే ఫ్రేముల మధ్య నిలబడుతున్నారు. వాళ్ళకు జరిగే వివక్షను చూసి, "మనవాళ్ళు కాదులే" అనుకుంటే, రేపు మనకు జరిగినప్పుడు చూసినవాళ్ళు కూడా అలాగే అనుకుంటారు. సాక్షికి భాష లేదు, ఊరు లేదు. చూసింది చెప్పడమే వాడి పని.

కనుక మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. కాగితం పెడితే ఉద్యోగం ఉంటుందా అని అడిగేవారు ఒక్కరే ఉంటే, మేము హామీ ఇవ్వలేం. ఏడుగురు సంతకం పెట్టి, సంఘం ముద్ర పడి, లేబర్ ఆఫీసులో నంబరు పడి, చూసినవాళ్ళు వచ్చి చెబితే, ఆ ఉద్యోగాన్ని తీయడం యాజమాన్యానికి తేలిక కాదు. తీసినా నిలబెట్టుకోవడం అంతకంటే తేలిక కాదు.

ఎంక్వయిరీ రోజున ఉదయం 9 గంటలకు డ్యూటీ లేని సభ్యులందరూ మిల్లు గేటు దగ్గరకు రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!
సమాన పనికి సమాన వేతనం మన హక్కు!